కాంకార్డ్ (విమానం)

కాంకార్డ్ బ్రిటన్, ఫ్రాన్సు దేశాలు కలసి రూపొందించి నిర్మించిన సూపర్‌సోనిక్ (ధ్వనిని మించిన వేగం గల) ప్రయాణికుల విమానం. ధ్వని వేగానికి రెట్టింపు వేగంతో, అనగా గంటకు సుమారు 2,170 కిలోమీటర్ల చొప్పున ఎగురుతూ, నూరుమంది ప్రయాణికులను మూడున్నర గంటలలో అట్లాంటిక్ మహాసముద్రం దాటించేది. ఇది మొదటిసారి 1969 మార్చి 2న ఎగిరింది. 1976 జనవరి 21 నుండి 2003 అక్టోబరు 24 వరకు ప్రయాణికుల సేవలో ఉంది. నిర్మించిన విమానాలు మొత్తం 20 కాగా, విమాన సంస్థల సేవలో పాల్గొన్నవి 14 మాత్రమే. వీటిని బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఎయిర్ ఫ్రాన్స్ సంస్థలు చెరి ఏడు చొప్పున నడిపాయి.

ప్రపంచమంతటా తిరగాలని తలపెట్టిన ఈ విమానం చివరకు ఒక్క మహాసముద్రం మీది రెండు మూడు మార్గాలకు పరిమితమైంది. దీనికి ఆకాశంలో ఎదురైన చిక్కులను ఇంజనీర్లు ఒక్కొక్కటిగా పరిష్కరించగలిగారు. నేలమీద ఎదురైన చిక్కులు, అనగా శబ్దం, ఖర్చు, అనుమతులు, మాత్రం కడదాకా వీడలేదు. దీని సేవా చరిత్రను అర్థం చేసుకోవడానికి ఈ విషయమే ముఖ్యం.

ముఖ్యాంశాలు

* పొడవు: 61.66 మీటర్లు
* రెక్కల విస్తారం: 25.6 మీటర్లు
* ఇంజన్లు: 4 (రోల్స్ రాయిస్/స్నెక్మా ఒలింపస్ 593)
* అత్యధిక వేగం: మాక్ 2.04
* ఎగిరే ఎత్తు: 60,000 అడుగుల (సుమారు 18,300 మీటర్ల) వరకు
* టేకాఫ్ సమయంలో గరిష్ఠ బరువు: సుమారు 185 టన్నులు
* ఆగకుండా ప్రయాణించగల దూరం: సుమారు 7,200 కి.మీ.
* సిబ్బంది (కాక్‌పిట్‌లో): ముగ్గురు - కెప్టెన్, సహ పైలట్, ఫ్లైట్ ఇంజనీరు

నేపథ్యం

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత యుద్ధ విమానాలు ధ్వని వేగాన్ని దాటగలిగాయి. ప్రయాణికుల విమానాలు కూడా త్వరలో అదే దారి పడతాయని 1950లలో చాలామంది నిపుణులు నమ్మారు. బ్రిటన్‌లో ఈ విషయాన్ని పరిశీలించడానికి 1956లో ఒక సంఘం ఏర్పడింది. అదే కాలంలో ఫ్రాన్సులో కూడా ఇటువంటి ఆలోచనలే సాగుతున్నాయి. ఒక్క దేశం భరించలేనంత ఖర్చు కావడం వలన రెండు దేశాలు చేతులు కలిపి 1962 నవంబరు 29న ఒప్పందం చేసుకున్నాయి. బ్రిటన్ తరఫున ఆర్చిబాల్డ్ రస్సెల్, ఫ్రాన్సు తరఫున లూసియాన్ సెర్వాంతీ ముఖ్య రూపకర్తలలో ప్రముఖులు.

ఈ ఒప్పందం అంతర్జాతీయ సంధి రూపంలో జరిగింది. ఏకపక్షంగా తప్పుకోవడానికి అందులో వీలు కల్పించలేదు. 1964లో బ్రిటన్‌లో అధికారంలోకి వచ్చిన లేబర్ ప్రభుత్వం ఖర్చుకు జంకి ఈ పనిని మానుకోవాలనుకున్నా, ఈ కారణం వలననే మానుకోలేకపోయింది.

కాంకార్డ్ అనే మాటకు సామరస్యం, ఐకమత్యం అని అర్థం. ఇంగ్లీషులో ఈ మాటకు చివర 'ఈ' అక్షరం ఉండదు, ఫ్రెంచిలో ఉంటుంది. ఆ ఒక్క అక్షరం గురించి కొన్నేళ్ళపాటు వివాదం నడిచింది. చివరకు 1967లో బ్రిటిష్ మంత్రి టోనీ బెన్ ఫ్రెంచి వర్ణక్రమాన్నే అంగీకరించడంతో అది ముగిసింది. నిర్మాణంలో కూడా బ్రిటిష్ వారు అంగుళాలలోను, ఫ్రెంచివారు మిల్లీమీటర్లలోను లెక్కలు వేసుకుంటూనే ఒకే విమానాన్ని తయారు చేశారు. ఇంగ్లండులోని ఫిల్టన్, ఫ్రాన్సులోని టులూజ్ నగరాలలో చెరి పది విమానాలు నిర్మించారు.

మొదటి నమూనా విమానం 001ను 1969 మార్చి 2న టులూజ్‌లో ఆంద్రే తుర్కా నడిపాడు. రెండవ నమూనా 002ను ఏప్రిల్ 9న ఫిల్టన్‌లో బ్రయాన్ ట్రబ్‌షా నడిపాడు. అదే సంవత్సరం అక్టోబరు 1న కాంకార్డ్ మొదటిసారి ధ్వని వేగాన్ని దాటింది. 1970 నవంబరు 4న ధ్వని వేగానికి రెట్టింపు వేగాన్ని అందుకుంది.

ధ్వని వేగం - సోనిక్ బూమ్

సముద్రమట్టం దగ్గర గాలిలో ధ్వని వేగం గంటకు సుమారు 1,225 కి.మీ. గాలి చల్లబడిన కొద్దీ ఈ వేగం తగ్గుతుంది. కాంకార్డ్ ఎగిరే ఎత్తులో ఇది గంటకు సుమారు 1,060 కి.మీ. మాత్రమే. విమాన వేగం అక్కడి ధ్వని వేగానికి ఎన్ని రెట్లు ఉందో తెలిపే సంఖ్యను మాక్ సంఖ్య అంటారు. మాక్ 2 అంటే ధ్వని వేగానికి రెండు రెట్లు అని అర్థం.

చెరువులో పడవ నెమ్మదిగా పోయేటప్పుడు అలలు దాని కంటె ముందుగానే సాగిపోతాయి. పడవ అలల వేగాన్ని మించిపోతే అవి దాని ముక్కు దగ్గర ఒకదానిపై ఒకటి చేరి, రెండు పక్కలకు పాయలుగా విడిపోయిన పెద్ద అలగా పడవ వెంట వస్తాయి. ధ్వనిని మించిన వేగంతో పోయే విమానం చుట్టూ గాలిలో జరిగేది కూడా ఇటువంటిదే. ఆ అల నేలను తాకినప్పుడు ఉరుము వంటి పెద్ద శబ్దం వినబడుతుంది. దీనినే సోనిక్ బూమ్ అంటారు.

విమానం ధ్వని వేగాన్ని దాటిన క్షణంలో మాత్రమే ఈ శబ్దం పుడుతుందని చాలామంది అనుకుంటారు. ఇది సరికాదు. ఆ వేగంతో ఎగిరినంతసేపూ, దారి పొడవునా, విమానం కింద కొన్ని పదుల కిలోమీటర్ల వెడల్పున ఈ శబ్దం నేలను తాకుతూనే ఉంటుంది. విమానంలో కూర్చున్నవారికి మాత్రం ఇది వినబడదు. నూరుమంది ప్రయాణం కోసం దారిలోని ఊళ్ళన్నీ ఉలికిపడాలా అన్న ప్రశ్న ఇక్కడే పుట్టింది. 1973లో అమెరికా తన భూభాగం మీద పౌర విమానాలు ధ్వనిని మించిన వేగంతో ఎగరడాన్ని నిషేధించింది. అనేక ఇతర దేశాలు కూడా అదే నిర్ణయం తీసుకున్నాయి. దీంతో కాంకార్డ్‌కు సముద్రాలే మిగిలాయి. ఆగకుండా ప్రయాణించగల దూరం 7,200 కి.మీ. మాత్రమే కావడం వలన పసిఫిక్ మహాసముద్రం అందుబాటులో లేకుండా పోయింది.

నిర్మాణ విశేషాలు

కాంకార్డ్ రెక్కలు త్రికోణాకారంలో, ముందు అంచు మెలిక తిరిగి ఉంటాయి. తోకవద్ద అడ్డు రెక్కలు లేవు. ఇటువంటి రెక్క ఎక్కువ వేగానికి అనువైనదే గాని, తక్కువ వేగంలో విమానాన్ని గాలిలో నిలపాలంటే ముక్కును బాగా పైకెత్తవలసి వస్తుంది. అప్పుడు పైలట్‌కు రన్‌వే కనబడదు. అందుకే విమానం ముక్కును కిందికి వంచే ఏర్పాటు చేశారు. టేకాఫ్ సమయంలో 5 డిగ్రీలు, దిగేటప్పుడు 12.5 డిగ్రీలు వంచేవారు.

ఇంజన్లలోకి ధ్వనిని మించిన వేగంతో గాలి ప్రవేశించరాదు. ఇంజను ముందరి గాలి మార్గంలో కదిలే పలకలను అమర్చి, వాటిని కంప్యూటర్ల సాయంతో నియంత్రిస్తూ, గాలి వేగాన్ని కొద్ది మీటర్ల దూరంలోనే తగ్గించేవారు. ఈ విమానంలోని అతి గొప్ప సాంకేతిక విజయాలలో ఇది ఒకటి.

వేగం పెరిగినప్పుడు రెక్కలపై గాలి ఒత్తిడి కేంద్రం వెనుకకు జరుగుతుంది. దానికి సరితూగేటట్లు విమాన గరిమనాభిని కూడా వెనుకకు జరపాలి. ఇందుకోసం టన్నుల కొద్దీ ఇంధనాన్ని ముందు టాంకుల నుండి తోకలోని టాంకుకు పంపేవారు. దిగేముందు తిరిగి ముందుకు తెచ్చేవారు. ఇంధనం ఈ విధంగా తూకపు రాయిగా కూడా పనిచేసేది.

గాలి రాపిడి, ఒత్తిడి వలన ముక్కు దగ్గర ఉష్ణోగ్రత 127 డిగ్రీల సెల్సియస్ వరకు చేరేది. విమానాన్ని వేడికి ఓర్చుకోగల ప్రత్యేక అల్యూమినియం మిశ్రమ లోహంతో తయారు చేశారు. వేడిని వెలువరించడానికి తెల్లరంగు వేశారు. వేడికి విమానం పొడవు సుమారు 15 నుండి 25 సెంటీమీటర్లు పెరిగేది. ఫ్లైట్ ఇంజనీరు ముందున్న పరికరాల బల్లకు, గోడకు మధ్య గాలిలో ఉన్నప్పుడు ఒక సందు ఏర్పడి, నేలకు దిగేసరికి మూసుకుపోయేది. చివరి ప్రయాణాలలో కొందరు ఇంజనీర్లు తమ టోపీలను ఆ సందులో ఉంచి వదిలేశారు.

ఆర్డర్లు - రద్దులు

1967 నాటికి 16 విమాన సంస్థలు 74 కాంకార్డ్‌లను కొనడానికి ముందస్తు ఒప్పందాలు చేసుకున్నాయి. అమెరికాకు చెందిన పాన్ యామ్, టి.డబ్ల్యు.ఎ. వంటి పెద్ద సంస్థలతోపాటు రెండు విమానాల కోసం మన ఎయిర్ ఇండియా కూడా వీటిలో ఉంది.

కాని పరిస్థితులు త్వరగా మారిపోయాయి. 1970లో బోయింగ్ 747 సేవలోకి వచ్చింది. నెమ్మదిగా పోయినా మూడు నాలుగు వందల మందిని ఒకేసారి చౌకగా తీసుకుపోగల విమానం అది. ఒక్కొక్క ప్రయాణికునికి కాంకార్డ్ దానికంటె అనేక రెట్లు ఎక్కువ ఇంధనాన్ని ఖర్చు చేసేది. 1971లో అమెరికా తన సొంత సూపర్‌సోనిక్ విమాన నిర్మాణాన్ని మానుకుంది. 1973 జనవరిలో పాన్ యామ్, టి.డబ్ల్యు.ఎ. తప్పుకున్నాయి. అదే సంవత్సరం చివర వచ్చిన చమురు సంక్షోభంతో ఇంధనపు ధరలు విపరీతంగా పెరిగాయి. ఎయిర్ ఇండియాతో సహా మిగిలిన సంస్థలు కూడా వరుసగా వెనుకంజ వేశాయి. చివరకు రెండు దేశాల ప్రభుత్వ విమాన సంస్థలు మాత్రమే మిగిలాయి. నిర్మాణానికి అయిన ఖర్చులో అత్యధిక భాగాన్ని ఆ రెండు దేశాల ప్రజలు పన్నుల రూపంలో భరించారు.

సోవియట్ యూనియన్ నిర్మించిన టుపొలెవ్ టు-144 విమానం 1968 డిసెంబరు 31న, అనగా కాంకార్డ్ కంటె రెండు నెలల ముందే ఎగిరింది. 1973 జూన్ 3న పారిస్ విమాన ప్రదర్శనలో ఒక టు-144 కూలిపోయింది. 1977 నవంబరులో మాస్కో - ఆల్మా అటా నగరాల మధ్య ప్రయాణికుల సేవ మొదలుపెట్టి, 55 ప్రయాణాల తరువాత 1978లో ఆపివేశారు.

గ్రహణం వెంట ప్రయాణం

సేవలోకి రాకముందే 001 నమూనా విమానం శాస్త్రవేత్తలకు ఒక అపూర్వ అవకాశాన్ని కల్పించింది. 1973 జూన్ 30న ఆఫ్రికా మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం ఏర్పడింది. నేలమీద ఒకచోట నిలబడి చూసేవారికి ఆ గ్రహణపు సంపూర్ణ దశ సుమారు ఏడు నిమిషాలకు మించి కనబడదు. పైకప్పులో ప్రత్యేక కిటికీలు అమర్చిన కాంకార్డ్ చంద్రుని నీడ వెంటనే పరుగెత్తి, లోపలి ఖగోళ శాస్త్రజ్ఞులకు ఆ దశను 74 నిమిషాలపాటు చూపించింది.

ప్రయాణికుల సేవలు

మొదటి మార్గాలు: 1976 జనవరి 21న ఒకే సమయానికి లండన్ నుండి బహ్రెయిన్‌కు బ్రిటిష్ ఎయిర్‌వేస్ కాంకార్డ్, పారిస్ నుండి డాకర్ మీదుగా రియో డి జనీరోకు ఎయిర్ ఫ్రాన్స్ కాంకార్డ్ బయలుదేరాయి. అసలు గమ్యమైన న్యూయార్క్‌కు అప్పటికి అనుమతి దొరకలేదు. అమెరికా రవాణా మంత్రి విలియం కోల్మన్ 16 నెలల పరీక్షకు అంగీకరించడంతో 1976 మే 24న వాషింగ్టన్‌కు సేవలు మొదలయ్యాయి.

న్యూయార్క్: ఇక్కడి వివాదం సోనిక్ బూమ్ గురించి కాదు, టేకాఫ్ సమయంలో ఇంజన్లు చేసే చప్పుడు గురించి. కెనడీ విమానాశ్రయం చుట్టుపక్కల నివసించేవారు ఆందోళనలు చేశారు. విమానాశ్రయాన్ని నడిపే సంస్థ కాంకార్డ్‌ను నిషేధించింది. వివాదం సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. 1977 అక్టోబరు 17న ఆ కోర్టు నిషేధాన్ని నిలబెట్టడానికి నిరాకరించింది. నవంబరు 22న లండన్, పారిస్‌ల నుండి న్యూయార్క్ సేవలు ప్రారంభమయ్యాయి.

సింగపూర్ మార్గం: 1977 డిసెంబరు 9న బ్రిటిష్ ఎయిర్‌వేస్, సింగపూర్ ఎయిర్‌లైన్స్ కలసి లండన్ - బహ్రెయిన్ - సింగపూర్ సేవను మొదలుపెట్టాయి. ఒకే విమానానికి ఒక పక్క ఒక సంస్థ రంగులు, రెండవ పక్క మరొక సంస్థ రంగులు వేశారు. శబ్దం గురించి మలేసియా అభ్యంతరం చెప్పడంతో మూడు రాకపోకల తరువాత ఇది ఆగిపోయింది. 1979 జనవరిలో మలేసియా గగనతలాన్ని తప్పించి తిరిగి మొదలుపెట్టారు. భారతదేశం కూడా తన గగనతలంలో ధ్వనిని మించిన వేగానికి అంగీకరించలేదు. దారులు చుట్టు కావడం, ప్రయాణికులు చాలకపోవడం వలన 1980 నవంబరులో ఈ మార్గాన్ని మూసివేశారు.

బ్రానిఫ్: 1979 - 80లలో బ్రానిఫ్ అనే అమెరికన్ సంస్థ వాషింగ్టన్ - డాలస్ నగరాల మధ్య కాంకార్డ్‌ను నడిపింది. భూభాగం మీద నిషేధం ఉన్నందున అక్కడ దీనిని మాక్ 0.95 వేగంతో, అనగా ధ్వని కంటె నెమ్మదిగా, నడపవలసి వచ్చింది. మామూలు విమానం కంటె కొద్ది నిమిషాలే ఆదా అయ్యేవి.

1982 చివరికి ఎయిర్ ఫ్రాన్స్ తన కరాకస్, రియో, వాషింగ్టన్, మెక్సికో సిటీ సేవలన్నింటిని మానుకొని పారిస్ - న్యూయార్క్ మార్గాన్ని మాత్రమే ఉంచుకుంది. బ్రిటిష్ ఎయిర్‌వేస్ లండన్ - న్యూయార్క్ మార్గంతో పాటు 1994 వరకు వాషింగ్టన్‌కు, శీతాకాలంలో బార్బడోస్‌కు నడిపింది.

లాభాలు: 1984లో బ్రిటిష్ ప్రభుత్వం తన ఆర్థిక సాయాన్ని ఆపివేసింది. అప్పుడు బ్రిటిష్ ఎయిర్‌వేస్ తన ప్రయాణికులను విచారించగా, టిక్కెట్టు అసలు ధర కంటె చాలా ఎక్కువ ఉంటుందని వారిలో అనేకులు భావిస్తున్నట్లు తేలింది. కంపెనీ అధికారుల ప్రయాణాలకు టిక్కెట్లు కొనేది వారి కార్యాలయాలే గనుక ధర వారికి పట్టలేదు. సంస్థ ధరలు పెంచింది. విమానాల నిర్మాణ వ్యయం లెక్కలోకి రానందున ఆ తరువాత ఈ సేవ లాభాలను ఇచ్చింది.

ఉదయం పదిన్నరకు లండన్‌లో బయలుదేరినవారు అక్కడి కాలమానం ప్రకారం తొమ్మిదిన్నర లోపే న్యూయార్క్ చేరేవారు. శీతాకాలపు సాయంత్రాలలో చీకటి పడ్డాక లండన్‌లో ఎక్కినవారికి, భూభ్రమణ వేగాన్ని విమానం మించిపోవడం వలన, సూర్యుడు తిరిగి పడమర దిక్కున పైకి వస్తున్నట్లు కనబడేవాడు. 1996 ఫిబ్రవరి 7న న్యూయార్క్ నుండి లండన్‌కు 2 గంటల 52 నిమిషాల 59 సెకండ్లలో చేరి ఒక కాంకార్డ్ రికార్డు నెలకొల్పింది. 1995 ఆగస్టులో ఎయిర్ ఫ్రాన్స్ కాంకార్డ్ 31 గంటల 27 నిమిషాలలో భూమిని చుట్టివచ్చింది.

2000 సంవత్సరపు ప్రమాదం

2000 జూలై 25న పారిస్‌లోని షార్ల్ ద గాల్ విమానాశ్రయం నుండి న్యూయార్క్‌కు బయలుదేరిన ఎయిర్ ఫ్రాన్స్ 4590 విమానం రెండు నిమిషాలలోపే గొనెస్ అనే ఊరిలోని ఒక హోటల్‌పై కూలిపోయింది. 100 మంది ప్రయాణికులు, 9 మంది సిబ్బంది, హోటల్ వద్దనున్న నలుగురు, మొత్తం 113 మంది మరణించారు. ప్రయాణికులలో అత్యధికులు ఓడ విహారానికి బయలుదేరిన జర్మన్ యాత్రికులు.

ఫ్రెంచి దర్యాప్తు సంస్థ నివేదిక ప్రకారం ప్రమాదం జరిగిన తీరు ఇది. కొద్ది నిమిషాల ముందు అదే రన్‌వే మీదుగా వెళ్ళిన కాంటినెంటల్ సంస్థ డి.సి.-10 విమానం నుండి సుమారు 43 సెంటీమీటర్ల పొడవు గల లోహపు పట్టీ ఊడిపడింది. కాంకార్డ్ టైరు దానిపైకి ఎక్కి పేలింది. 4.5 కిలోల టైరు ముక్క రెక్క అడుగుభాగాన్ని బలంగా తాకింది. నిండుగా ఉన్న ఇంధనపు టాంకులో ఆ దెబ్బకు ఒత్తిడి తరంగం పుట్టి, టాంకు గోడ లోపలి నుండి బయటికి పగిలింది. కారిన ఇంధనం అంటుకుంది. అప్పటికే ఆగలేనంత వేగంలో ఉన్నందున పైలట్లు విమానాన్ని పైకి లేపక తప్పలేదు. ఎడమవైపు రెండు ఇంజన్లు శక్తిని కోల్పోయాయి, చక్రాలు లోపలికి ముడుచుకోలేదు.

టైర్లు దెబ్బతినడం కాంకార్డ్‌కు కొత్త కాదు. త్రికోణపు రెక్క ముక్కు పైకెత్తేవరకు విమానపు బరువును అంతగా మోయదు. గంటకు సుమారు 400 కి.మీ. వేగం వచ్చేవరకు ఆ భారమంతా టైర్లపైనే ఉంటుంది. 2000కు ముందు ఇటువంటి ఘటనలు 57 జరిగినట్లు దర్యాప్తులో తేలింది. 1979 జూన్ 14న వాషింగ్టన్‌లో టైర్లు పేలి, వాటి ముక్కలు ఇంధనపు టాంకును చిల్లులు చేశాయి. అప్పుడు నిప్పు అంటుకోలేదు. ఆ తరువాత చక్రాలలోను, హెచ్చరిక పరికరాలలోను మార్పులు చేశారు గాని, టాంకుల అడుగుభాగానికి రక్షణ కల్పించలేదు. ఈ ప్రమాదంలో గమనించవలసిన ముఖ్య విషయం ఇదే.

2010లో ఫ్రెంచి న్యాయస్థానం కాంటినెంటల్ సంస్థను, దాని మెకానిక్ ఒకరిని దోషులుగా నిర్ణయించింది. 2012లో పై కోర్టు ఆ నేరనిర్ణయాన్ని కొట్టివేసింది.

పునరాగమనం, విరమణ

ప్రమాదం తరువాత 2000 ఆగస్టులో కాంకార్డ్‌ల యోగ్యతా పత్రాలను రద్దు చేశారు. టాంకుల లోపల కెవ్లార్ పొరలు అమర్చారు. మిషలిన్ సంస్థ సులభంగా చీలని కొత్త టైర్లను తయారు చేసింది. ఉద్యోగులను ఎక్కించుకొని చేసిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ పరీక్షా ప్రయాణం 2001 సెప్టెంబరు 11న, న్యూయార్క్‌పై ఉగ్రవాద దాడి జరిగిన రోజునే ముగిసింది. నవంబరు 7న సేవలు తిరిగి మొదలైనా, విమాన ప్రయాణాలే తగ్గిపోయిన కాలం అది. నిర్వహణ ఖర్చులు పెరిగాయి. విడిభాగాలకు, సాంకేతిక సహాయానికి బాధ్యత వహించే ఎయిర్‌బస్ సంస్థ ఇక కొనసాగించలేనని తెలిపింది. 2003 ఏప్రిల్ 10న రెండు సంస్థలూ విరమణను ప్రకటించాయి. విమానాలను కొంటానని వర్జిన్ సంస్థ అధిపతి రిచర్డ్ బ్రాన్సన్ ముందుకు వచ్చినా బ్రిటిష్ ఎయిర్‌వేస్ అంగీకరించలేదు.

ఎయిర్ ఫ్రాన్స్ చివరి ప్రయాణికుల సేవ 2003 మే 31న ముగిసింది. అక్టోబరు 24న లండన్ హీత్రో విమానాశ్రయంలో మూడు కాంకార్డ్‌లు ఒకదాని వెంట ఒకటి దిగాయి. వాటిలో న్యూయార్క్ నుండి వచ్చినది చివరి సాధారణ సేవ. నవంబరు 26న ఒక విమానం హీత్రో నుండి తన పుట్టిల్లైన ఫిల్టన్‌కు చేరింది. ఆ తరువాత కాంకార్డ్ ఎగరలేదు.

విమానాలు ఉన్న చోట్లు

నిర్మించిన 20 విమానాలలో ఒకటి ప్రమాదంలో నాశనమైంది, ఒకటి 1994లో ముక్కలు చేయబడింది. మిగిలిన 18 భద్రపరచబడ్డాయి.

* ఇంగ్లండు: 6 (ఫిల్టన్, యోవిల్టన్, డక్స్‌ఫర్డ్, బ్రూక్‌లాండ్స్, మాంచెస్టర్, హీత్రో)
* స్కాట్లండు: 1 (ఈస్ట్ ఫార్చ్యూన్)
* ఫ్రాన్సు: 6 (లె బుర్జే 2, టులూజ్ 2, ఓర్లీ, షార్ల్ ద గాల్)
* జర్మనీ: 1 (సిన్స్‌హైమ్ - ఇక్కడ టు-144 కూడా ఉంది)
* అమెరికా: 3 (వాషింగ్టన్ సమీపం, న్యూయార్క్, సియాటిల్)
* బార్బడోస్: 1

తరువాతి ప్రయత్నాలు

2025 జనవరి 28న అమెరికాలోని బూమ్ సంస్థ తయారుచేసిన ఎక్స్‌బి-1 అనే చిన్న పరీక్షా విమానం ధ్వని వేగాన్ని దాటింది. సోనిక్ బూమ్‌ను చిన్న చప్పుడుగా తగ్గించే ఉద్దేశంతో నాసా నిర్మింపజేసిన ఎక్స్-59 అదే సంవత్సరం అక్టోబరులో మొదటిసారి ఎగిరింది. ఈ రెండవ ప్రయత్నపు లక్ష్యం వేగాన్ని పెంచడం కాదు, కింద ఉన్నవారికి కలిగే బాధను తగ్గించడం. కాంకార్డ్‌కు దారులు మూసుకుపోయినది అక్కడే గనుక, ఇటువంటి విమానాలు మరల ప్రయాణికుల సేవలోకి రావాలంటే ముందుగా పరిష్కరించవలసినది కూడా ఆ సమస్యనే.